క్రొత్త యింటికి అద్దాలు – బిగించే చేతికి భద్రత



పూర్వము మన సీమ పల్లెల్లో మట్టిమిద్దెలకు కిటికీలు తక్కువ. మిద్దె నడుమ గవాక్షి ఉంటే దానిలో నుండే వెలుగు దిగేది. ఇప్పుడు జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో కూడా కాంక్రీటు ఇండ్లు లేచాయి. వాటికి జారుడు అద్దాల కిటికీలు పెట్టిస్తున్నాము. ప్రొద్దుటూరులో బట్టల అంగళ్లకు, బంగారు అంగళ్లకు ముందుభాగమంతా అద్దమే. వెలుగు దేవుడిచ్చిన మంచి ఈవి. అయితే ఆ అద్దాన్ని మోసి, ఎత్తి, బిగించే పనివానిని గురించి ఆలోచిస్తున్నామా? అతడు మన సంఘస్థుడే కావచ్చు, మన కడుపున పుట్టినవాడే కావచ్చు. రెక్కాడితే గాని డొక్కాడని వానికి కుడిచేతి నరము తెగితే ఆ యింటి పొయ్యి ఆరిపోతుంది.

పిట్టగోడ ఎవరు కట్టాలి?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో ఇల్లు కట్టేవారికి ఒక ఆజ్ఞ ఉన్నది. క్రొత్త యింటి పైకప్పుకు చుట్టూ పిట్టగోడ పెట్టించాలి. అది లేక ఎవరైనా పడితే ఆ దోషము ఆ యింటి మీదికి వస్తుంది. పడినవాడు చూసుకొని నడవవలసిందని అక్కడ వ్రాయలేదు. భారమంతా కట్టించిన వాని మీదనే ఉన్నది. అద్దాల పని చేయించే మనకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

"దేవుడే చూసుకొంటాడులే" అని కొందరు విశ్వాసులు అంటారు. మత్తయి సువార్త 4వ అధ్యాయము చదవండి. దేవాలయ శిఖరము మీద నుండి దూకమని అపవాది చెప్పినప్పుడు యేసుప్రభువు దూకలేదు, అది దేవుని శోధించడమని చెప్పాడు. పరంజా కట్టకుండా రెండో అంతస్తు కిటికీ అంచున నిలబడడము కూడా అటువంటిదే.

అద్దము ఎంత బరువు?

పలుచగా కనబడుతుంది గనుక అద్దము తేలికని భ్రమపడతాము. చదరపు మీటరు అద్దము ఒక్కొక్క మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందము గల పలక దాదాపు 28 కిలోలు. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందము గల అంగడి తలుపు 58 కిలోలు దాటుతుంది. ఇది ఒక్కడు మోసే బరువు కాదు.

జమ్మలమడుగు ప్రాంతములో కడప బండలు మోసేవారికి ఒక సంగతి తెలుసు: బండను అంచు మీద నిలబెట్టి మోయాలి. అద్దానికీ అంతే. పడుకోబెట్టి మోస్తే తన బరువుకే నడుమ విరుగుతుంది. తల మీద ఎన్నడూ పెట్టుకోరాదు. ఇద్దరు చెరొక ప్రక్క పట్టుకొని, ఒకరి మాట మీద ఇంకొకరు అడుగు వేయాలి. గాలి వీచే వేళ పెద్ద పలక తెరచాపవలె మనిషిని లాగుకొని పోతుంది. అప్పుడు పని ఆపాలి. ఎండాకాలములో మన జిల్లాలో వేడిమి 40 డిగ్రీలు దాటుతుంది. చెమట పట్టిన చేతిలో అద్దము జారుతుంది గనుక పెద్ద పలకలు ప్రొద్దున్నే ఎత్తడము మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది: జారిపోయే అద్దాన్ని పట్టుకోబోవద్దు. చేతులు వదలి వెనక్కు తొలగాలి. అద్దము మళ్లీ కొనవచ్చు.

గోడకు చేరవేసిన పలకలు మరీ నిటారుగా ఉంటే కట్టంతా ఒక్కసారే మనిషి మీద పడుతుంది. కొంచెము వాలుగా చెక్క స్టాండు మీద నిలిపి, తాడు కట్టాలి. పిల్లలను ఆ దరికి రానీయకూడదు.

తలుపు బిగించడానికి గోడకు, కాంక్రీటుకు రంధ్రాలు వేసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏండ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. పాడైన ఊపిరి తిరిగి రాదు. నోటికి తువ్వాలు కట్టుకొంటే చాలదు. వీలైన చోట నీళ్లు పోస్తూ పని చేయాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి.

యజమాని చేయవలసినది

బేరమాడేటప్పుడే గ్లౌజులు, కంటి అద్దాలు, బూట్లు ఉన్నాయా అని అడగండి. లేకుంటే కొనిపెట్టండి. "గృహప్రవేశము రేపే, రాత్రికి ముగించు" అని తొందరపెట్టవద్దు. 18 ఏండ్లు నిండని పిల్లలను ఈ పనికి ఒప్పుకోవద్దు. తలుపులకు, మెట్ల ప్రక్కలకు టఫెన్డ్ అద్దమో లామినేటెడ్ అద్దమో వేయించండి. మొదటిది పగిలితే చిన్న చిన్న ముక్కలవుతుంది; రెండవది పగిలినా ముక్కలు లోపలి పొరకు అంటుకొని ఉంటాయి. పగిలిన ముక్కలను అట్టపెట్టెలో మూసి, పైన "గాజు" అని వ్రాయండి. చెత్త ఎత్తే సహోదరి చేయి కూడా చేయే.

గాయమైతే

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి ఉంచాలి. లోపల గ్రుచ్చుకొన్న ముక్కను లాగవద్దు. దాని ఇరుప్రక్కల అదమాలి. పసుపు, కాఫీపొడి, కిరసనాయిలు పెట్టవద్దు. కంటిలో నలక పడితే నులమకూడదు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చి, ధనుర్వాతపు సూది సంగతి డాక్టరుగారిని అడగండి. వ్రేలు వంగకపోయినా, తిమ్మిరి ఉన్నా నరము తెగి ఉండవచ్చు గనుక ఆలస్యము చేయవద్దు.

సంఘముగా ఏమి చేద్దాము?

18 నుండి 60 ఏండ్ల లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణములో పని చేసినవారు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. 1996 చట్టముతో వచ్చిన ఈ హక్కు ఇప్పటి కార్మిక కోడ్‌లలో కూడా ఉన్నది. చదువుకొన్న యౌవనస్థులు ఒక ఆదివారము ఆరాధన తరువాత కూర్చుండి, చదువురాని పెద్దలకు ఆ కాగితాలు వ్రాసిపెట్టవచ్చు. స్త్రీల సమాజమువారు మందిరములో ప్రథమ చికిత్స పెట్టె ఒకటి ఉంచవచ్చు.

లండన్ మిషనరీ సొసైటీ వారు జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రిని స్థాపించి, సువార్తతోపాటు స్వస్థతను కూడా మన పల్లెలకు అందించారు. గాయాన్ని కట్టే సేవ గొప్పది. గాయము కాకుండా చూసే సేవ కూడా ప్రభువుకు ఇష్టమైనదే. క్రొత్త యింటిలో ప్రార్థన పెట్టించినప్పుడు, దానిని కట్టిన చేతులన్నీ క్షేమముగా ఉన్నాయని దేవుని స్తుతించగలిగే కృప మనకందరికి కలుగును గాక. ఆమేన్.