మానిన పూట మాత్ర

మా మిత్రుని తల్లిగారు గ్రీన్‌కార్డుపై అమెరికా వచ్చి మూడేళ్ళయినది. గుండె లయ తప్పుతున్నందున, రక్తం గడ్డకట్టకుండా అపిక్సబాన్ మాత్రలను రోజుకు రెండు పూటలా వేసుకోవలసిందిగా వైద్యులు ఆదేశించారు. ఆమె ఉదయపు మాత్ర మానివేసిన సంగతి కొన్ని వారాలకు గాని బయటపడలేదు. "అంత డబ్బు పోస్తున్నావు, ఒక పూటతో గడిపితే ఏం పోయింది నాయనా?" అన్నారట!

ఏం పోతుందో రసాయనశాస్త్రం చెబుతుంది. ఈ ఔషధపు అర్ధాయువు సుమారు 12 గంటలు. మొదటి మాత్ర బలం సగానికి తగ్గేసరికి రెండవది అందుకోవాలి. ఒక పూట మానితే 24 గంటలకు మిగిలేది దాదాపు నాలుగో వంతే. ఆ వ్యవధిలో గడ్డ ఏర్పడి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు.

ఖరీదు మాట మాత్రం నిజమే. ఎలిక్విస్ పేరుతో అమ్మే ఈ మందు ప్రకటిత ధర 2023లో నెలకు 521 డాలర్లు. జెనరిక్‌కు 2019లోనే అనుమతి లభించినా, పేటెంటు వివాదాల వల్ల 2028 వరకు ఇక్కడి దుకాణాలకు వచ్చే అవకాశం లేదు.

మెడికేర్ ఉన్నవారికి 2022 నాటి చట్టం కొంత ఊరటనిచ్చింది. మందుల బీమాలో రోగి స్వయంగా భరించవలసిన వార్షిక పరిమితి 2025లో 2,000 డాలర్లు, 2026లో 2,100. ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్లు మించదు. ఆదాయం తక్కువైతే 'ఎక్స్‌ట్రా హెల్ప్' కొరకు సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో దరఖాస్తు చేయవచ్చు. అయితే ఇక్కడ తాముగాని, జీవిత భాగస్వామిగాని తగినంతకాలం పనిచేయని తల్లిదండ్రులు, 65 నిండినా, ఐదేళ్ళు ఎడతెగక నివసించిన పిదపనే మెడికేర్ కొనుక్కోగలరు. మన ఇళ్ళలో చిక్కంతా ఈ ఐదేళ్ళలోనే.

అప్పుడు అడగవలసినది తయారీదారుల సహాయ పథకాలను గురించి. వైద్యుని సంతకంతో, ఆదాయపు పత్రాలతో దరఖాస్తు పంపితే అర్హులకు మందు ఉచితంగా లభిస్తుంది. కొన్ని పథకాలు ఒకే ఇంట ఉన్న కుమారుని ఆదాయాన్నీ లెక్కిస్తాయి. కూపన్ కార్డులు వేరు. అవి ప్రైవేటు బీమా ఉన్నవారికి ఉద్దేశించినవి, మెడికేర్‌తో చెల్లవు. చాలామంది ఈ రెంటినీ ఒకటిగా భావించి, ఒకటి కాదనగానే రెండవది అడగరు.

మా మిత్రుని దరఖాస్తు ఆదాయం వద్దనే ఆగిపోయింది. అప్పుడతడు ధర సంగతి దాచక వైద్యునికి చెప్పాడు. ఆయన ఆమెను పరీక్షించి, వార్ఫరిన్‌కు మార్చారు. ఇది 1954 నుండి వాడుకలో ఉన్న పాత మందు, జెనరిక్ చవక. కాని తరచు రక్తపరీక్ష తప్పదు. 'కె' విటమిన్ దాని పనికి అడ్డుపడుతుంది గనుక ఆకుకూరలు ఏ వారానికావారం హెచ్చుతగ్గులు లేకుండా తినాలి. ఇప్పుడు పెద్దావిడ మాత్రను మరువరు. గోంగూరను కొలిచి వడ్డించుకోవలసి వచ్చినందుకే కోపం.