ఏడాదికి ఒక్క లీటరు చాలు: రాళ్ల మొక్కకు నీళ్ల లెక్క

8 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న కుండీ తీసుకోండి. దాని మూతి వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అందులో పడేది 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. ఆ కుండీని డాబా మీద వదిలేస్తే ఏడాదిలో 4 లీటర్ల నీళ్లు పడతాయి, అందులో దాదాపు 3 లీటర్లు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. దక్షిణాఫ్రికాలోని ప్రీస్కా ఊరి దగ్గర అదే కుండీకి ఏడాది పొడుగునా దక్కేది ఒక లీటరు, కాస్త అటూ ఇటూగా. లిథాప్స్ అనే రాళ్ల మొక్క ఆ లీటరుతో బతకడం నేర్చుకున్నది. కొత్తగా పెంచేవాళ్ల దగ్గర అది కుళ్లిపోతోందంటే చాలాసార్లు కారణం ఈ తేడాయే.

ప్రీస్కా పేరు ఊరికే ఎత్తలేదు. 1811లో విలియం బర్చెల్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు ఆ ప్రాంతంలోనే వింతగా ఉన్న గులకరాయి అనుకుని ఒకదాన్ని నేల మీంచి తీశాడు. తీరా చూస్తే అది మొక్క. లిథాప్స్ అన్న ప్రజాతి పేరు మాత్రం 1922లో ఎన్.ఇ. బ్రౌన్ పెట్టాడు. దక్షిణాఫ్రికా, నమీబియా, కొద్దిగా బోట్స్వానా: దీని సొంత నేల అంతే. డెస్మండ్ కోల్, నౌరీన్ కోల్ దంపతులు దశాబ్దాల పాటు ఆ ఎడారుల్లో తిరిగి, మొక్కలు దొరికిన దాదాపు 400 చోట్లకు ఒక్కో నంబరు ఇచ్చారు. మంచి విత్తనాల పొట్లం మీద ఇప్పటికీ ఆ కోల్ నంబరు కనిపిస్తుంది.

మొక్కకు ఉండేవి 2 ఆకులే. ఆ రెండూ కలిసిపోయి, మధ్యలో చీలికతో, చాలావరకు మట్టిలో కూరుకుని ఉంటాయి. పైకి కనిపించే భాగంలో వెలుతురు దిగే పారదర్శకమైన పొర ఉంటుంది. పచ్చటి కణజాలం లోపలి గోడల వెంట, నేల మట్టానికి కింద ఉంటుంది. తేమ పోకుండా మొక్క పగలు సూక్ష్మరంధ్రాలను మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. మనకు అసలు చిక్కు ఇక్కడే. మే నెలలో రాత్రి కూడా సరిగా చల్లబడని విజయవాడ లాంటి చోట ఆ చల్లదనం దొరకదు. మొక్క పని ఆపేసి ఊరుకుంటుంది. ఊరుకున్న మొక్కకు నీళ్లు పోస్తే వేరు తాగదు, కుళ్లుతుంది.

కాబట్టి నీళ్లు పోయడానికి వారాలు కాదు, రుతువులు చూడాలి. మన దగ్గర ఏడాది అక్టోబరులో మొదలైందనుకోండి. అప్పటి నుంచి డిసెంబరు దాకా పెరుగుదల కాలం: రెండు మూడు వారాలకొకసారి, అడుగు రంధ్రం లోంచి కారేదాకా, సుమారు 120 మిల్లీలీటర్లు పోయాలి. మొత్తం 5 సార్లు. జనవరి నుంచి మార్చి దాకా సున్నా. ఈ సున్నా పాటించడమే అందరికీ కష్టం. చీలిక లోంచి కొత్త జత ఆకులు, పాత జతకు అడ్డంగా తిరిగి, పైకి వస్తాయి. వాటికి కావలసిన నీళ్లన్నీ పాత ఆకుల్లోనే ఉన్నాయి. పాతవి ముడతలు పడి, మెత్తబడి, చివరికి కాగితం పొరలా ఎండిపోవాలి. జాలిపడి ఈ దశలో నీళ్లు పోస్తే పాత ఆకులు ఎండవు. కొత్తవి వాటి కింద నలిగిపోతాయి. పాత జత పూర్తిగా ఎండాక, మార్చి దాటాక, ఎండలు ముదిరేలోపు అదే కొలతతో రెండుసార్లు తడపవచ్చు. మే, జూన్‌లలో మరీ ముడుచుకుపోతే సాయంత్రం 15 మిల్లీలీటర్లు, నాలుగుసార్లకు మించకుండా. జులై నుంచి సెప్టెంబరు దాకా వాన తగలని చోట, గాలి ఆడేలా ఉంచితే చాలు. విశాఖ లాంటి తేమ ఊళ్లో ఇది మరీ ముఖ్యం. కూడి చూడండి: 600, 240, 60, మొత్తం 900 మిల్లీలీటర్లు. ప్రీస్కా లెక్కకు దగ్గరే.

ఈ తేదీలు గీసిన గీతలు కావు. మొక్క పక్కల్ని వేళ్లతో నెమ్మదిగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే దాహం లేదు. ముడత పడి మెత్తగా ఉండి, ఆకులు మారే కాలం కాకపోతేనే నీళ్లు. తాగిన ఒకటి రెండు రోజుల్లో నిండుగా అవుతుంది. తాగినా మెత్తగానే ఉంటే వేళ్లు పనిచేయడం లేదని అర్థం. అప్పుడు మళ్లీ పోయడం కన్నా తీసి వేళ్లు చూడడం మంచిది. ఎండి ముడుచుకున్న మొక్క తేరుకుంటుంది. కుళ్లినది తేరుకోవడం చాలా అరుదు. అనుమానం వస్తే ఆగడమే మేలు అనేది అందుకే.

నర్సరీలో ఇవి ఎక్కువగా కొబ్బరి పొట్టులో వస్తాయి. అది నీటిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది, తీసేయాల్సిందే. నా సలహా: 2 నుంచి 5 మిల్లీమీటర్ల ముతక ఇసుక, చిన్న కంకర, ఇటుక ముక్కలు కలిపి 80 శాతం, మామూలు మట్టి 20 శాతం. జల్లెడ పట్టి, దుమ్ము పోయేలా కడగాలి; దుమ్ము మిగిలితే తడిసి గట్టిపడి వేళ్లకు గాలి అందదు. వేరు నిలువుగా లోతుకు పోతుంది కనుక కుండీ 10 సెంటీమీటర్ల లోతు ఉండాలి. వెలుతురు చాలకపోతే మొక్క పొడవుగా సాగి రాయి రూపం పోతుంది. ఉదయపు ఎండ 4, 5 గంటలు తగలనివ్వండి, ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మాత్రం నీడ కావాలి.

కొనేటప్పుడు ఒక్క మాట. నీలిరంగు లిథాప్స్ లేవు. ఆన్‌లైన్‌లో ఇంద్రధనుస్సు రంగుల బొమ్మలతో అమ్మే విత్తనాలు మోసం. ఇవి సహజంగా గోధుమ, బూడిద, పచ్చ, ఎరుపు ఛాయల్లో ఉంటాయి. విత్తనం నుంచి పెంచిన మొక్కే అడిగి కొనండి. దక్షిణాఫ్రికాలో ఇలాంటి మొక్కల్ని కొండల మీంచి పెరికి అమ్మే దొంగ వ్యాపారం ఉంది. ఆ గొలుసులో మన డబ్బు చేరకూడదు.

పువ్వు కావాలంటే ఓపిక పట్టాలి. విత్తిన 3 నుంచి 5 ఏళ్లకు, చీలిక లోంచి పసుపు లేదా తెలుపు పువ్వు వస్తుంది, ఎక్కువగా మధ్యాహ్నం పూట విచ్చుకుంటుంది. విత్తనం కట్టాలంటే వేరు వేరు విత్తనాల నుంచి వచ్చిన 2 మొక్కలు ఒకేసారి పూయాలి. తన పుప్పొడి తనకు పనికిరాదు. ఎండిన కాయ మీద ఒక నీటిబొట్టు వేయండి. నిమిషాల్లో తెరుచుకుంటుంది, ఆరితే మళ్లీ మూసుకుంటుంది. ఎడారిలో వాన పడినప్పుడే, చినుకుల దెబ్బకే, విత్తనాలు బయటికి చిమ్మాలని ఈ ఏర్పాటు. ఆ విత్తనాలను నవంబరులో చల్లితే పైన చెప్పిన నియమం తలకిందులవుతుంది: మొలకలకు మొదటి కొన్ని వారాలు పైమట్టి ఆరకూడదు. నీళ్లకు ఎడం ఇవ్వడం ఆ తర్వాత, మెల్లగా అలవాటు చేయాలి.