కొత్త తాళంచెవిని కారు గుర్తుపట్టాలంటే

కారుకు స్పేర్ కీ చేయించబోయినవాళ్లు ముందు ధర విని ఉలిక్కిపడతారు. లోహపు పలకను కోయడం నిమిషాల పని. ఖర్చంతా ప్లాస్టిక్ తలలో దాగిన చిప్‌కు, దాన్ని కారు చేత ఒప్పించడానికి.

ఆ చిప్ రావడానికి ముందు కథ వేరు. 1982లో ఫ్రాన్స్‌లో రెనో కంపెనీ ఫ్వేగో కారుకు రిమోట్ తాళం పెట్టింది. పాల్ లిప్‌షుట్జ్ రూపొందించిన ఆ రిమోట్ పరారుణ కిరణాలతో పనిచేసేది. తలుపులు తెరవడం సులువైంది కానీ, ఇంజన్‌కు కాపలా ఇంకా రాలేదు. 1986లో జనరల్ మోటార్స్ కార్వెట్ తాళంచెవిలో చిన్న రెసిస్టర్ బిగించింది. దాని విలువ సరిపోతేనే బండి స్టార్టవుతుంది. అయితే ఆ విలువలు మొత్తం 15 మాత్రమే!

అసలు మలుపు 1990లలో వచ్చిన ట్రాన్స్‌పాండర్ చిప్. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి వచ్చే 125 కిలోహెర్ట్జ్ తరంగాలే దానికి కరెంటు. కారు ఒక సంఖ్యను పంపుతుంది. చిప్ తన రహస్య సంకేతంతో లెక్క కట్టి జవాబిస్తుంది. అది తప్పితే ఇంజన్‌కు ఇంధనం అందదు. రిమోట్ బ్యాటరీ అయిపోయినా, చాలా కార్లలో కీని స్టార్ట్ బటన్‌కు ఆనిస్తే ఇంజన్ లేచేది ఈ ఏర్పాటు వల్లే.

ఈ చిన్న చిప్ విలువ అమెరికాలో బాగా తెలిసొచ్చింది. అక్కడ అమ్మిన కొన్ని కియా, హ్యుందాయ్ మోడళ్లలో ఇమ్మొబిలైజర్, అంటే సరైన చిప్ లేకుండా ఇంజన్‌ను కదలనివ్వని ఈ ఏర్పాటు, లేదు. స్టీరింగ్ కింది కవర్ ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్ కొసతో తాళం తిప్పేసే వీడియోలు 2022 నాటికి సోషల్ మీడియాలో వ్యాపించి, దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. పక్కనున్న కెనడాలో 2007 నుంచే ఇమ్మొబిలైజర్ తప్పనిసరి కాబట్టి ఆ బెడద అక్కడికి పాకలేదు.

కొత్త కీని కారుకు పరిచయం చేసే ప్రోగ్రామింగ్‌లో ముఖ్యమైన మార్పు జరిగేది కారు మెమరీలో. రేషన్ కార్డులో కొత్త పేరు ఎక్కించినట్టు, తెలిసిన కీల జాబితాలో ఇంకొకటి చేరుతుంది. ఫోర్డ్ పాత మోడళ్లు చాలావాటిలో ఆ పని యజమానే చేసుకోవచ్చు: పనిచేసే మొదటి కీ పెట్టి ఆన్ చేసి, ఆఫ్ చేసి, వెంటనే రెండోదానితో అలాగే చేసి, కొన్ని సెకన్లలోపే కొత్త కీ తిప్పాలి. అలా 8 కీల వరకు చేర్చవచ్చు. షరతొకటే, పనిచేసే కీలు రెండు చేతిలో ఉండాలి. అన్నీ పోతే మెకానిక్ డ్యాష్‌బోర్డు కింది ఓబీడీ పోర్టుకు పరికరం తగిలించి, కంపెనీ ఇచ్చే సెక్యూరిటీ కోడ్‌తో మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఖర్చు పెరిగేది ఇక్కడే. చవగ్గా దొరికిందని పాత స్మార్ట్ కీ (జేబులోంచి తీయకుండానే పనిచేసే కీ) కొనడమూ మంచిది కాదు. చాలా కంపెనీల కీలు ఒక కారుకు నమోదయ్యాక మరో కారుకు పనికిరావు.

చిప్ ఉందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2011లో జ్యూరిక్ శాస్త్రవేత్తలు జేబులోని కీ సంకేతాన్ని దూరంగా ఉన్న కారుకు చేరవేసి, 8 కంపెనీల 10 మోడళ్లను తెరిచి చూపించారు.

పనిచేసే కీ ఒక్కటే మిగిలిందా? అది ఉండగానే రెండోది చేయించండి. పోయిన కీని మెమరీలోంచి తీసేయమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి. తీసేసినా దాని లోహపు పలక తలుపు తెరుస్తుందని మరవకండి. కీ పోయినట్టు పోలీసులకు ఫిర్యాదు చేసి రసీదు దాచుకోండి. రేపు కారే పోతే, బీమా కంపెనీ అడిగేవాటిలో రెండు ఒరిజినల్ కీలూ ఉంటాయి.