పాశమైలారం గేటు దగ్గర పీఆర్వో పని

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి పొట్టచేతబట్టుకుని వచ్చిన కార్మికులు. మృతులను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు తప్పలేదు. అలాంటి సమయంలో అయినవాళ్ల జాడ కోసం వచ్చినవారికి పత్రికా ప్రకటనతో పనిలేదు. షిఫ్టులో ఎవరున్నారు, ఏ ఆసుపత్రిలో చేర్చారు, ఎవరిని అడగాలి అన్నది వాళ్ల భాషలో చెప్పే మనిషి కావాలి. పౌర సంబంధాల ఉద్యోగం విలువ తేలేది అక్కడే. ఆ నేర్పు చాలావరకు వేరే కొలువుల్లో అబ్బుతుంది: ఆసుపత్రి రిసెప్షన్‌లో, విలేకరి వృత్తిలో, బడిలో, యూనియన్ ఆఫీసులో. అందుకే పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక వాడల్లో పీఆర్వో (పౌర సంబంధాల అధికారి) కావాలనుకునేవారు తమ పాత అనుభవాన్ని పనికిరానిదిగా తీసిపారేయకూడదు.

ఈ వృత్తి చరిత్ర కూడా అదే చెబుతోంది. ఆధునిక పౌర సంబంధాలకు బాటలు వేసిన అమెరికన్ ఐవీ లీ మొదట విలేకరి. 1906లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ప్రమాదాన్ని దాచకుండా, విలేకరులను ఘటనా స్థలానికి కంపెనీయే తీసుకెళ్లే ఏర్పాటు చేశాడు. విలేకరులకు ఏం కావాలో అనుభవంతో తెలిసినవాడు మరి. ఇక మన సంగారెడ్డి జిల్లాలోనే, జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు. రికార్డింగ్, ఎడిటింగ్ వాళ్లు కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. విత్తనాల గురించి, పంటల గురించి పదిమందిలో మాట్లాడటం, ఎదుటివాళ్ల చేత మాట్లాడించడం మాత్రం సంఘం కూటముల్లోనే అలవాటైంది.

కష్టమైన కాగితాన్ని చదివి, తేలిగ్గా చెప్పగలగడం ఇంకో నేర్పు. భోపాల్ విషాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియల వివరాలను కార్మికులకే కాక చుట్టుపక్కల జనానికీ తెలపాలన్నారు. ప్రజాభిప్రాయ సేకరణ జరపాల్సిన ప్రాజెక్టులకు పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చెబుతోంది. అయితే కాగితం తెలుగులో ఉన్నంత మాత్రాన అర్థం కాదు. పటాన్‌చెరులో పరిశ్రమల వ్యర్థ జలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. ఈ అంకెతో, పరిశ్రమల వ్యర్థాలు చేరిన నక్కవాగు పక్కన పొలమున్న రైతుకు ఒరిగేదేమీ లేదు. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ అని చెబితే సంగతి తెలుస్తుంది. ఒక సైన్సు టీచరో, ఫార్మసిస్టో అలా చెప్పగలరు.

పీఆర్ అంటే విలేకరులతో పరిచయాలేనని, అవి బయటి నుంచి వచ్చినవారికి ఉండవని కొందరంటారు. పరిచయం ఫోన్ ఎత్తేలా చేస్తుందేమో గానీ, చెప్పింది నమ్మేలా చేయలేదు. ఎవరైనా ఈ పని చేయొచ్చంటే వృత్తి విలువ పడిపోతుందన్న భయమూ ఉంది. అందులో కొంత నిజముంది. బాయిలర్‌కూ రియాక్టర్‌కూ తేడా తెలియకుండా ఎంత కలుపుగోలుతనం ఉన్నా లాభం లేదు, పరిశ్రమ సంగతులు, చట్టాలు నేర్చుకుని తీరాలి. కాకపోతే వాటిని శ్రద్ధపెట్టి కొన్ని నెలల్లో చదువుకోవచ్చు, కోపంతో ఉన్న మనిషి మాట చివరిదాకా వినే ఓర్పు అలా రాదు. యాజమాన్యం నిజం దాచితే ఏ నేర్పు ఏం చేస్తుందన్నది అన్నిటికన్నా గట్టి ప్రశ్న. ఏమీ చేయలేదు. నక్కవాగు కాలుష్యంపై జనం ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడవలసి రావడమే ఇందుకు సాక్ష్యం. కాలుష్యాన్ని మాటలతో కడగలేం. జనం అడగబోయే ప్రశ్నను ముందుగా యాజమాన్యాన్నే అడిగే ధైర్యం కూడా పీఆర్వోకు ఉండాల్సిన నేర్పే.

కాబట్టి కంపెనీలు ఈ ఉద్యోగానికి మనిషిని తీసుకునేటప్పుడు డిగ్రీ పేరుతో సరిపెట్టుకోకుండా, ఒక భద్రతా పత్రాన్ని చేతికిచ్చి కార్మికుడికి తెలుగులో, హిందీలో వివరించమని అడగాలి. ఉద్యోగం మారాలనుకునే యువత కూడా గతంలో ఎవరికి ఏం అర్థమయ్యేలా చెప్పారో, ఏ తగవు తీర్చారో బయోడేటాలో మొదట రాయాలి. హోదాల జాబితా ఆ తర్వాత రాసుకోవచ్చు.