నెల సరుకుల పక్కన మందుల చీటీ

బియ్యం, పప్పు, నూనె, పాలు. చాలా ఇళ్లలో ఇప్పుడు ఆ పద్దు చివర బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు కూడా చేరాయి. మన దేశంలో మందుల మార్కెట్ ఎటు పోతుందో తెలుసుకోవాలంటే ముందు ఈ పద్దే చూడాలి.

జ్వరం మందు ఐదు రోజుల్లో అయిపోతుంది. షుగర్ మాత్ర మొదలైతే చాలామందికి జీవితాంతం తప్పదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లు. రాబోయే పదేళ్లలో అమ్మకాలను పైకి లాగేవి ఇలాంటి దీర్ఘరోగాల మందులేనని నా నమ్మకం.

మార్కెట్ పెరిగిందన్న వార్త చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రూపాయల్లో అమ్మకం పెరగడానికి ఎక్కువమంది మందు వాడనక్కర్లేదు, ధర పెరిగినా చాలు. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. జాబితాలో లేని మందుల ధరను మాత్రం కంపెనీలు ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు.

ధర దిగే దారి కూడా ఉంది, అది పేటెంట్ గడువు తీరడం. షుగర్‌కు వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్ర ఒక్కటి 60 రూపాయల దగ్గర ఉండేది. 2025 మార్చిలో పేటెంట్ తీరగానే పదుల కంపెనీలు తయారీకి దిగాయి. కొన్ని బ్రాండ్లు పది రూపాయల లోపే వచ్చేశాయి. షుగర్‌కూ బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లుటైడ్‌కు మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి.

ఇంత వేగంగా పోటీకి దిగగల సత్తా నిన్నమొన్న వచ్చింది కాదు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. అదే మందును మరో పద్ధతిలో చేయడం మనవాళ్లు అలా నేర్చుకున్నారు. హైదరాబాద్ బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ అనే మందుల కంపెనీ పెట్టారు. 2005లో చట్టం మారి మందుకే పేటెంట్ వచ్చినా ఆ నైపుణ్యం పోలేదు. ముడిసరుకుకు చైనా మీద ఆధారపడటమే ఇంకా తీరని లోటు. కాకినాడ దగ్గర యాంటీబయాటిక్‌ల ముడిసరుకైన పెన్సిలిన్-జి ఫ్యాక్టరీ వచ్చింది అందుకే.

అయితే దిగిన ధర రోగి దాకా చేరుతుందా? ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ లాంటి ప్రభుత్వ పథకాలు ముఖ్యంగా ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చును ఆదుకుంటాయి. బయట కొనుక్కునే నెలవారీ మాత్ర జేబు మీదే పడుతుంది. దేశ ఆరోగ్య వ్యయంలో ప్రజలు సొంతంగా పెట్టుకున్న వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా, 2021-22కి 39.4 శాతానికి తగ్గింది. అయినా పేద ఇంటికి అది మోయలేని బరువే.

అసలు చిక్కు చీటీలో ఉంది. డాక్టర్ ఒక బ్రాండ్ పేరు రాస్తే, అందులో ఉన్న మందే తక్కువ ధరకు దొరుకుతున్నా దుకాణదారు దాన్ని మార్చి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. పాత చీటీ నడిచినంత కాలం పాత ధరే నడుస్తుంది. ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు మాత్రల షీటు పట్టుకెళ్లి, ఇదే మందు తక్కువ ధరలో వచ్చిందా, మార్చి రాస్తారా అని డాక్టర్‌ను అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. తక్కువ ధరకు మందులు అమ్మే ప్రభుత్వ జన ఔషధి దుకాణాలు 2025 నాటికి 15,000 దాటాయి. మీ చీటీలోని మందు అక్కడ ఉందేమో కూడా కనుక్కోండి.