చలికాలంలో గేర్ సైకిల్: దొనకొండ మట్టి దారుల్లో ఏం చూసుకోవాలి?

పిల్లాడు లావు టైర్ల గేర్ సైకిల్ కావాలంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ధర. రెండోది, "మౌంటెన్ బైక్ మనకెందుకు? మనమేమన్నా కొండలెక్కుతామా?" అని. రెండో ప్రశ్నకు జవాబు తేలికే. ఆ సైకిల్ ఒక్క కొండ కోసమే కాదు, తారు లేని దారి కోసం. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లను మట్టి బాటల్లో కొండ మీద నుంచి కిందికి తోలడంతో ఈ ఆట పుట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి పతకాల పోటీ అయింది. తారు లేని దారులకు మన పశ్చిమ ప్రకాశంలో కొదవేం లేదు కదా. చేల గట్లు, చెరువు కట్టలు, రైలు కట్ట పక్క బాటలు, దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్లు కట్టిన విమానాశ్రయం వైపు మైదానం, అన్నీ ఉన్నాయి. ఆ మైదానం సర్కారుది. అక్కడ ఎవరైనా వద్దంటే వాదించకుండా తిరిగి వచ్చేయాలి.

వేసవిలో ఇక్కడ సైకిల్ తొక్కడం శిక్షే. నవంబరు వానలు వెనకబట్టాక ఫిబ్రవరి దాకానే దీనికి సీజన్. అయితే పొద్దు చిన్నది. డిసెంబరు మొదట్లో సాయంత్రం 5.40 ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. అసర్ జమాత్ అయ్యాక బయల్దేరితే గంటకు మించి వెలుతురు దొరకదు. జనవరిలో సూర్యోదయమే 6.40 దాటుతుంది. అందుకే ఫజర్ చదివి, ఇంటికొచ్చి టీ తాగి, బాగా తెల్లవారాక బయల్దేరడం మేలు. ముందే వెళితే మంచులో లారీ డ్రైవరుకు మీరు కనపడరు. వెనక లైటు లేని ట్రాక్టరు మీకు కనపడదు. సైకిల్ వెనక వెలిగే ఎర్ర లైటుకు పెద్ద ఖర్చు కాదు. సైకిల్ కొన్న రోజే అది కూడా కొనాలి.

ఇక అసలు శత్రువు పల్లేరు. వానాకాలంలో దారి పక్కన పచ్చగా పాకి, పసుపు పూలు పూసే ఆ తీగ చలికాలానికి ఎండిపోతుంది. కాయ ముక్కలుగా విడిపోయి బాట మీద పడుతుంది. ముక్క ఎలా పడినా ఒక ముల్లు పైకే నిలబడి ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లు ఇంకా పొడవు, మోటారు సైకిల్ టైరులోకే దిగుతుంది. కాబట్టి బాట అంచున కాకుండా ఎద్దుబండ్లు, ట్రాక్టర్లు నడిచి నలిగిన గాడిలో తొక్కండి. ఇంటికి రాగానే పాత గుడ్డతో టైరు చుట్టూ మెల్లగా తుడవండి. ముల్లు ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. ఉత్త చేత్తో మాత్రం తడమొద్దు. ట్యూబులో పోసే పంక్చర్ ద్రవం దొరుకుతుంది. చిన్న రంధ్రాలను అదే పూడుస్తుంది. పల్లేరు ఉన్న మన దారులకు ఆ డబ్బు దండగ కాదు. మార్కాపురం వైపు పలక రాళ్ల ముక్కలు పడి ఉండే చోట మాత్రం ఏ ద్రవమూ పనిచేయదు. ఆ అంచు టైరునే కోసేస్తుంది, దిగి నడిపించుకుపోవడమే మంచిది.

గాలి విషయంలో చాలామంది పొరబడతారు. టైరు రాయిలా ఉంటేనే బాగుందనుకుంటారు. మట్టి దారిలో అలా ఉంటే సైకిల్ ఎగిరెగిరి పడుతుంది, పట్టు దొరకదు. రెండు అంగుళాల టైరు మీద 60 కిలోల మనిషికి 30 నుంచి 40 పీఎస్ఐ సరిపోతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఇంకో సంగతి, చాలా గేర్ సైకిళ్ల వాల్వు మోటారు సైకిల్ వాల్వు లాంటిది. ఇంట్లో ఉన్న పాత సైకిల్ పంపు దానికి పట్టదు. మోటారు సైకిళ్ల పంక్చర్ షాపులో పట్టిస్తే కంప్రెసర్ గాలి క్షణంలో ఎక్కువైపోతుంది, మీటరు చూస్తూ పట్టమనండి.

నల్లరేగడి దారుల్లో వాన పడిన రెండు మూడు రోజులు తొక్కకపోవడమే మంచిది. బంక టైరుకూ ఫోర్కుకూ మధ్య కూరుకుని చక్రం తిరగదు. బలవంతంగా తొక్కితే గేరు కొక్కెం వంగుతుంది. పొద్దున మంచుకు రిమ్ములు తడిసి ఉంటాయి, దిగుడు వచ్చేలోపే బ్రేకు ఒకటి రెండుసార్లు మెల్లగా పట్టి చూడండి. చైనుకు కొబ్బరి నూనె పూయొద్దు. చలికి వంటింట్లో గడ్డకట్టే నూనె చైను మీద మాత్రం గడ్డకట్టదా? సైకిల్ షాపులో దొరికే చైను నూనె రెండు చుక్కలు వేసి, పైన మిగిలింది తుడిచేయాలి. లేకపోతే దుమ్మంతా పట్టుకుంటుంది.

ఈ సైకిళ్లకు చాలావాటికి చైను గార్డు ఉండదు. అమ్మాయిలు తొక్కేటప్పుడు షల్వార్ అంచుకు ఒక క్లిప్పో, రబ్బరు బ్యాండో పెట్టాలి. చున్నీ కొసలు వెనక్కి కట్టుకోవాలి. మఫ్లరు చుట్టుకునే మగపిల్లలకూ ఇదే మాట. చువ్వల్లో చిక్కితే మెడకే ప్రమాదం. ఆస్తమా ఉన్నవాళ్లు మొదటి పది నిమిషాలు నెమ్మదిగా తొక్కాలి. ఇన్‌హేలర్ జేబులో ఉండాలి.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ చలికాలంలోకి వస్తోంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో ఇంకోసారి మొదలవుతుంది. రోజాలో ఉన్నవాళ్లు పొద్దున తొక్కితే పోయిన నీరు మగ్రిబ్ దాకా తిరిగి రాదు. ఇఫ్తార్‌కు ముందు అరగంట ఊరి దగ్గరే నెమ్మదిగా తిరగడం చాలు. షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా అది కూడా వద్దు.

కుర్రాళ్లకు ధైర్యం పెరిగాక చూపు నల్లమల మీద పడుతుంది. దోర్నాల, గిద్దలూరు వైపు అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం కిందికి వస్తుంది. దేశంలో విస్తీర్ణంలో పెద్దది ఇదే. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి వెళ్లడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా సైకిల్‌కు శబ్దం ఉండదు, వేగం ఉంటుంది. మలుపు తిరగ్గానే ఎలుగుబంటి ఎదురైతే దానికీ తప్పుకునే సమయం ఉండదు, మనకూ ఉండదు. దూరం వెళ్లాలనిపిస్తే కంభం చెరువు ఉంది. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టినది. చలికాలం పొద్దున ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి, కట్ట చూసి, మధ్యాహ్నం జుహర్‌కు ఇల్లు చేరేలా ముందే లెక్క వేసుకుని, ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి బయల్దేరమనండి.