చిరిగిన వంటల పుస్తకం, చెదిరిన అమ్మభాష: ‘వెణ్బా’ ఆట చెప్పే వలస కథ

నవలాకారుడు తన జీవితానుభవాన్ని మాటల్లో వర్ణిస్తాడు, చలనచిత్ర దర్శకుడు దృశ్యంగా చూపుతాడు. వీడియో గేమ్ రూపకర్తకు వీటితో పాటు మరో సాధనం ఉంది. ఆడేవారు ఏమి చేయగలరు, ఏమి చేయలేరు అన్నది నిర్ణయించేది అతడే. అందువల్ల సొంత జీవితం నుంచి పుట్టిన ఆటల్లో రూపకర్త వేదన, అస్తిత్వం తరచుగా ఆట నియమాల్లోనే ఇమిడి ఉంటాయి.

అమెరికాకు చెందిన రయాన్, ఏమీ గ్రీన్ దంపతులు క్యాన్సర్ బారిన పడిన తమ కుమారుడు జోయెల్ జీవితం ఆధారంగా ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’ ఆటను రూపొందించారు. బాలుడు 2014లో మరణించగా, ఆట 2016లో విడుదలైంది. అందులోని ఆసుపత్రి గదిలో, ఆడేవారు ఎంత ప్రయత్నించినా బిడ్డ ఏడుపు ఆగదు. ఆ తల్లిదండ్రుల నిస్సహాయతే అక్కడ ఆట నియమమైంది.

2023 జులైలో విడుదలైన ‘వెణ్బా’లో ఆ స్థానం భాషది. కెనడాలోని టొరంటోకు చెందిన విసై గేమ్స్ సంస్థ దీనిని నిర్మించింది. రూపకర్త అభి స్వయంగా తమిళ వలస కుటుంబానికి చెందినవారు. వలస కథలు సాధారణంగా రెండు సంస్కృతుల మధ్య పెరిగే పిల్లల కోణంలో సాగుతాయి. ఈ కథకు కేంద్రం తల్లి. 1980ల చివర్లో తమిళనాడు నుంచి కెనడా చేరిన వెణ్బా, ఆమె భర్త పావలన్, కుమారుడు కవిన్ ఇందులోని ప్రధాన పాత్రలు. ‘వెణ్బా’ ఒక ప్రాచీన తమిళ ఛందోరూపం పేరు కూడా.

పుట్టింటి నుంచి వచ్చిన వంటల పుస్తకమే ఈ ఆటకు ఆధారం. కాగితాలు చిరిగి, అక్షరాలు చెరిగిపోవడంతో వంట విధానాల్లో కొంత భాగం కనిపించదు. ఇడ్లీ పాత్రలో రేకులను ఎలా పేర్చాలో, పుట్టు గొట్టంలో పిండిని, కొబ్బరిని ఏ వరుసలో నింపాలో ఆడేవారే ఊహించాలి. పొరపడితే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

కవిన్ పెద్దవాడై అదే పుస్తకం తెరిచినప్పుడు చిక్కు మారుతుంది. తమిళం అతడు తడబడుతూ తప్ప చదవలేడు. అంతవరకు చిరిగిన కాగితం మిగిల్చిన ఖాళీలను ఇప్పుడు దూరమైన భాష మిగులుస్తుంది. కొడుకు కోల్పోయినదేమిటో ఆడేవారికి ఆ తడబాటులోనే తెలిసివస్తుంది.

ఇలాంటి సృష్టిలో సాహసమూ ఉంది. మార్కెట్లోకి వచ్చిన ఆటకు అపరిచితులు మార్కులు వేస్తారు. ఆ ఆటలో ఉన్నది సొంత ఇంటి కథ అయినప్పుడు విమర్శను వేరుగా చూడటం సులభం కాదు. ‘వెణ్బా’కు ఆదరణ లభించింది. 2024లో ఉత్తమ తొలి ఆటగా బాఫ్టా పురస్కారం అందుకుంది.

అమ్మ మాట అర్థమైనా అమ్మ చేతిరాత చదవలేని పిల్లలు విదేశాల్లోని తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. ఆ ఇళ్లవారికి కవిన్ తడబాటు కొత్తగా అనిపించకపోవచ్చు.